టోక్యో గుడిలో ముల్లంగి నైవేద్యం: ఇది మన వినాయకుడేనా?

ప్రశ్న (మాచర్ల టీచరమ్మ)

అందరికీ నమస్కారం. పల్నాడులో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి వాళ్లు టోక్యోలో, నిషి కసాయిలో ఉంటారు. మూడు నెలలు ఉందామని వచ్చాను. ఇంకా ఇరవై రోజులే మిగిలాయి.

మొన్న మంగళవారం అబ్బాయి, కోడలు ఆఫీసులకు వెళ్లాక ఒక్కదాన్నే అసాకుసా బయల్దేరాను. నిహోంబాషిలో రైలు మారాలని కోడలు కాగితం మీద రాసిచ్చింది. సెన్సోజీ గుడి చూశాను. చాలా బాగుంది కానీ తిరునాళ్లలా జనం. కాసేపటికే ఊపిరాడక సుమిదా నది గట్టుకి వచ్చేసి, పార్కు వెంట ఉత్తరం వైపు నడుస్తూ పోయాను. పది నిమిషాలు నడిచానో లేదో, ఎడమ పక్కన చిన్న గుట్ట, గుట్ట మీద గుడి. మెట్లు ఎక్కలేనివాళ్ల కోసం పక్కనే పట్టాల మీద నడిచే చిన్న పెట్టె లాంటి బండి కూడా ఉంది. నేను మెట్లే ఎక్కాను.

పైకి వెళ్లి చూస్తే ఒక పెద్దాయన రెండు చేతులతో ముల్లంగి పట్టుకుని లోపలికి వెళ్తున్నాడు. మన దగ్గర దొరికే దానికి మూడింతలు ఉంది. లోపల దేవుడి ముందు ముల్లంగులు వరసగా పేర్చి ఉన్నాయి. రాళ్ల మీద, చెక్క మీద ఎక్కడ చూసినా రెండు ముల్లంగులు ఒకదాన్నొకటి పెనవేసుకున్నట్టు చెక్కారు. ఇంకో గుర్తు డబ్బుల సంచి. దేవుడి విగ్రహం మాత్రం కనిపించలేదు, తలుపులు మూసే ఉన్నాయి. నేను చూస్తూ నిలబడితే ఒక ముసలావిడ, నా వయసుకన్నా ఇంకో పదిహేనేళ్లు పెద్దది, నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లి ఒక ముల్లంగి ఇప్పించింది. దేవుడికి పెట్టినవాటిలో కొన్ని ఇలా వచ్చినవాళ్లకి ఇచ్చేస్తారట. ఎవరి గుడి అని సైగ చేసి అడిగాను. "షోతెన్ సమా" అంది.

రాత్రి మా అబ్బాయి ఫోనులో వెతికి, ఆ గుడి పేరు మత్సుచియామా షోదెన్ అని, ఆ దేవుడికి కాంగితెన్, బినాయకా అని కూడా పేర్లున్నాయని చెప్పాడు. బినాయకా అనగానే నా ఒళ్లు జలదరించింది. ఆ ప్రసాదం ముల్లంగితోనే పులుసు పెట్టి, ముందు దేవుడి దగ్గర పెట్టి, అప్పుడు తిన్నాం.

నా సందేహాలు. ఆయన నిజంగా మన వినాయకుడేనా? మనం ఉండ్రాళ్లు, గరిక పెడతాం కదా, ముల్లంగి ఎక్కడి నుంచి వచ్చింది? నాలాంటి బయటివాళ్లు నైవేద్యం పెట్టొచ్చా, తప్పవుతుందా?

ఇంకొకటి. మా మనవడి గదిలో జపాను అక్షరాల పట్టిక గోడకి అంటించి ఉంది. వాడు చదువుతుంటే విన్నాను. ఆ ఇ ఉ ఎ ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ముప్పై ఏళ్లు వర్ణమాల చెప్పినదాన్ని, ఇది చెవిన పడి కాకతాళీయం అనుకోలేకపోతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (తోజాయ్ లైన్ ప్రయాణికుడు)

టీచర్ గారూ, నమస్కారం. నేనూ నిషి కసాయిలోనే పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మీరు అనుకున్నది నిజం. ఆయన మన వినాయకుడే. మన దేశం నుంచి చైనాకి, అక్కడి నుంచి బౌద్ధంతో పాటు ఇక్కడికి వచ్చారు. ఇక్కడి కథలో ఆయన మొదట విఘ్నాలు కలిగించేవాడు. పదకొండు ముఖాల కన్నన్, అంటే అవలోకితేశ్వరుడు, స్త్రీ రూపంలో వచ్చి ఆయన్ని మంచి దారికి తెచ్చాడంటారు. అందుకే విగ్రహంలో ఏనుగు తలలతో ఇద్దరు కౌగలించుకుని ఉంటారు. దాన్ని ఎవరికీ చూపించరు. పూజారులే లోపల నూనె పోసి స్నానం చేయిస్తారు. మన తైలాభిషేకం అనుకోండి.

ముల్లంగి కూడా మన దగ్గరిదేనండీ. మన దేశంలో పాత వినాయక విగ్రహాలు కొన్నింటిలో స్వామి చేతిలో ముల్లంగి ఉంటుంది. మనం మర్చిపోయాం, వీళ్లు పట్టుకున్నారు. కోపం లాంటి మనసులోని విషాలను విరుస్తుందనీ, ఆలుమగల మధ్య సఖ్యత ఇస్తుందనీ ఇక్కడ చెబుతారు. డబ్బు సంచి వ్యాపారం కోసం.

నైవేద్యం నిరభ్యంతరంగా పెట్టండి. ముల్లంగి గుడిలోనే అమ్ముతారు. జనవరి 7న వస్తే ఉడికించిన ముల్లంగి ప్రసాదంగా పంచుతారు. మా ఆవిడ ఏటా వెళ్తుంది.

అక్కడ జనం చదివే మంత్రం ఈసారి జాగ్రత్తగా వినండి. "ఓన్ కిరికు గ్యాకు ఉన్ సోవాకా." అసలు రూపం "ఓం హ్రీః గః హూం స్వాహా". నాకు ఇది తెలియడానికి ఏడేళ్లు పట్టింది. తెలిసిన రోజు ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను.

జవాబు (సంస్కృతం విద్యార్థి)

అమ్మా, మీ చెవి సరిగ్గానే పట్టింది. ఇక్కడి బౌద్ధ భిక్షువులు మంత్రాలు తప్పు లేకుండా పలకడానికి సిద్ధం అనే మన పాత లిపి నేర్చుకునేవారు. 806లో చైనా నుంచి తిరిగొచ్చిన కూకై లాంటివాళ్లు ఆ చదువుని ఇక్కడ స్థిరపరిచారు. ఆ చదువులోంచే ఈ పట్టిక వరస వచ్చింది. మీరే చూడండి: వర్గాల మొదటి అక్షరాలు క, చ, త. త తర్వాత ఆ వర్గం చివరిదైన న. తర్వాత ప, దాని చివరిదైన మ. ఆపైన య, ర, వ. జపానులో ఇప్పటి హ పాత రోజుల్లో ప. ఇప్పటి స కూడా అప్పట్లో చ కి దగ్గరగా ఉండేదని పండితులు అంటారు. ఇప్పుడు వరస కలిసింది కదా!

శ్మశానాల్లో సమాధుల వెనక సన్నటి పొడుగాటి చెక్కలు నిలబెట్టి ఉంటాయి. వాటి మీద పైన రాసి ఉండేవి చాలావరకు ఆ సిద్ధం అక్షరాలే.

మీది మాచర్ల అన్నారు కాబట్టి ఒక మాట. వెళ్లేలోపు త్సుకిజీ హోంగాన్‌జీ గుడికి పొద్దున్నే ప్రార్థన సమయానికి వెళ్లండి. అక్కడ 'షోషింగె' అనే స్తోత్రం చదువుతారు. 13వ శతాబ్దంలో ఆ గుడివాళ్ల బౌద్ధ శాఖకి మూలపురుషుడైన షిన్రాన్ రాసినది, 120 చరణాలు. మధ్యలో "నాన్ తెన్ జికు" అని వినపడుతుంది, అంటే దక్షిణ భారతం. వెంటనే వచ్చే చరణం "ర్యూ జు" అని మొదలవుతుంది. ర్యూజు ఎవరో నేను చెప్పను. ఆ పేరుకి అర్థం నాగ, వృక్షం. వృక్షానికి అర్జున చెట్టు అనుకోండి.

జవాబు (ఉఎనో దగ్గర ఉండే అమ్మాయి)

ఆంటీ, టైముంటే ఉఎనోలో షినోబాజు చెరువు మధ్య గుడికి కూడా వెళ్లండి. బెన్‌జాయ్‌తెన్ అంటారు, మన సరస్వతీదేవి. ఆమె వాద్యం బివా, మన వీణకి చుట్టం. గుడి పక్కన మనిషి తల, చుట్టుకున్న పాము ఒళ్లు ఉన్న చిన్న విగ్రహం ఉంటుంది. దాన్ని చూస్తే నాకు మా ఊరి పుట్ట గుర్తొచ్చి ఏడుపొచ్చింది. జూలై, ఆగస్టుల్లో అయితే చెరువు నిండా తామరలే.

మళ్లీ మాచర్ల టీచరమ్మ (పది రోజుల తర్వాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ముల్లంగి పెట్టి వచ్చాను. మంత్రం విన్నాను, "గ్యాకు" దగ్గర నా గొంతు కూడా కలిసింది. చెరువు గుడికి కూడా మనవడిని తీసుకెళ్లాను.

త్సుకిజీ గురించి రాయాలి. అబ్బాయిని తెల్లవారకముందే లేపాను. కయాబాచోలో రైలు మారి వెళ్లాం. గుడి ముందు నిలబడగానే ఆగిపోయాను. పైన గుండ్రటి కప్పు, మధ్యలో రావి ఆకులా కొస తేలిన పెద్ద తోరణం. గుంటుపల్లి గుహ ముఖద్వారం, అజంతా చైత్యం రెండూ కళ్లముందు కదిలాయి. 1923 భూకంపం తర్వాతి మంటల్లో పాత గుడి పోతే, ఇతో చూతా అనే ఆర్కిటెక్టు మన దేశపు బౌద్ధ శిల్పం నమూనాలో దీన్ని కట్టాడట. 1934లో పూర్తయింది. మెట్ల దగ్గర రాతి ఏనుగు కూడా ఉంది.

లోపల కుర్చీలే వేశారు, కాబట్టి మోకాళ్ల బాధ లేదు. చదవడం మొదలైంది. గబగబా సాగిపోతోంది, నాకేమీ అందడం లేదు, దాటిపోయిందేమోనని టెన్షన్ పడ్డాను. అప్పుడు స్పష్టంగా వినపడింది. నాన్, తెన్, జికు. తర్వాతి ఊపిరిలో ర్యూ, జు.

నాగార్జునుడు. లంకా పర్వతం మీద బుద్ధుడు, దక్షిణ దేశంలో నాగార్జునుడు పుడతాడనీ, ఉన్నదనే వాదాన్నీ లేదనే వాదాన్నీ రెంటినీ పగలగొడతాడనీ ముందే చెప్పాడని ఆ చరణాల అర్థమట. వీళ్లు కొలిచే ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడు ఆయనే. మనవాళ్లు ఇద్దరు, చైనావాళ్లు ముగ్గురు, జపానువాళ్లు ఇద్దరు.

నాగార్జునుడు మా కొండ మీద నిజంగా ఉన్నాడా లేదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారని నాకు తెలుసు. అది వాళ్లు తేలుస్తారు. నేను ఏటా పిల్లల్ని విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకి తీసుకెళ్లేదాన్ని. 1954 నుంచి 1960 వరకు తవ్వి తీసిన రాళ్లు, సాగర్ నీళ్లలో మునగకుండా పైకి చేర్చినవి, చూపించేదాన్ని. ఆచార్య నాగార్జునుడి గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం చెప్పి, ఇక పదండి లాంచీ వెళ్లిపోతుంది అనేదాన్ని. ఇక్కడ ఆఫీసుకి వెళ్లే దారిలో సూటు వేసుకుని వచ్చి కూర్చున్నవాళ్లు, పుస్తకం చూడకుండా ఆ పేరు పలుకుతుంటే, ఆ ఒక్క వాక్యం గుర్తొచ్చి తల దించుకున్నాను.

వచ్చే గురువారం నా విమానం. దసరా సెలవుల్లో మా వీధి పిల్లల్ని మళ్లీ కొండకి తీసుకెళ్తాను. అక్కడ మ్యూజియం ముందు ఆ రెండు చరణాలు వాళ్లకి వినిపించాలని ఉంది. గుడిలో ఫోను బయటికి తీయడానికి నాకు మనసొప్పలేదు. నిదానంగా, అక్షరం అక్షరం తెలిసేలా చదివింది మీలో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి. తెలుగు లిపిలో రాసుకుని పిల్లలతో పలికిస్తాను.