టారిఫ్ పేరు చెప్పి బిల్డర్ 28 వేల డాలర్లు అదనంగా అడుగుతున్నాడు, ఇది న్యాయమేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం అమెరికాలో కస్టమ్ హోమ్ కట్టించుకుంటున్నాం. రెండంతస్తులు, 2,900 స్క్వేర్ ఫీట్లు. స్థలం కాకుండా కాంట్రాక్ట్ 6,20,000 డాలర్లు. 2025 జూలైలో సంతకం పెట్టాం. పర్మిట్లు ఆలస్యమై స్లాబ్ ఇప్పుడే పోశారు, ఫ్రేమింగ్ (గోడలు, పైకప్పుల చెక్క చట్రం నిలబెట్టే పని) ఇంకా మొదలవలేదు. నిన్న బిల్డర్ మెయిల్ పెట్టాడు. కెనడా కలప మీద టారిఫ్ 45 శాతానికి చేరిందట, అందుకని మొత్తం కాంట్రాక్ట్ మీద నాలుగున్నర శాతం అదనంగా ఇవ్వాలట. అంటే 27,900 డాలర్లు. కాంట్రాక్ట్‌లో "మెటీరియల్ ధరలు అసాధారణంగా పెరిగితే సర్దుబాటు చేసుకోవచ్చు" అని ఒక్క లైను ఉంది. ఎంత శాతం పెరిగితే, ఏ ఆధారంతో అన్నది లేదు. ఇచ్చేయాలా, అడ్డం తిరగాలా? రెండు రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్.

జవాబు

ఇప్పుడు అందరు బిల్డర్లూ ఇదే పాట పాడుతున్నారండి. 45 శాతం అంటే మామూలు విషయమా? ఇచ్చేసి పని కానివ్వండి. మధ్యలో ఆపేసి వెళ్లిపోతే ఇంకా నష్టం.

జవాబు

పైన చెప్పిన సలహాతో నేను ఏకీభవించను. నేను లంబర్ యార్డ్‌లో ఎస్టిమేటర్‌ని, ఈ లెక్కలు రోజూ చూసేవే.

45 శాతం అన్న అంకె నిజమే. ఏళ్లుగా నడుస్తున్న సాఫ్ట్‌వుడ్ లంబర్ (పైన్, స్ప్రూస్ లాంటి చెట్ల కలప) కేసులో కెనడా కలప మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది), సబ్సిడీకి విరుగుడు సుంకం అని రెండున్నాయి. 2025 ఆగస్టు దాకా చాలా కంపెనీలకు రెండూ కలిపి 14 శాతం పైచిలుకు. ఆగస్టులో అది 35 శాతం దాటింది. అక్టోబర్ 14 నుంచి సెక్షన్ 232 (జాతీయ భద్రత పేరుతో సుంకం వేసే చట్ట నిబంధన) కింద ఇంకో 10 శాతం పైన పడింది. మొత్తం 45.

కానీ ఆ 45 శాతం దేని మీద? సరిహద్దు దాటేటప్పుడు కలపకు చూపించే విలువ మీద. మీ ఇంటి మీద కాదు, మీ ఫ్రేమింగ్ బిల్లు మీద కూడా కాదు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ హోమ్ బిల్డర్స్ 2024 సర్వేలో ఇంటి నిర్మాణ ఖర్చులో ఫ్రేమింగ్ వాటా 16.6 శాతం. అందులో కూలీ, ట్రస్సులు (పైకప్పును మోసే త్రికోణపు చట్రాలు), షీట్లు అన్నీ ఉన్నాయి. స్టడ్స్ (గోడల నిలువు కర్రలు), జాయిస్టుల (అంతస్తును మోసే అడ్డ కర్రలు) వాటా ఇంకా తక్కువ. గోడలకు, పైకప్పుకు వేసే ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అతికించి చేసే) షీట్లయితే ఈ లంబర్ కేసులోనే లేవు.

మీ ఇంటికి సుమారుగా 20 వేల బోర్డ్ ఫీట్ల (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఒక బోర్డ్ ఫీట్) కలప అనుకుందాం. వెయ్యి బోర్డ్ ఫీట్లకు సరిహద్దు దగ్గర విలువ 400 డాలర్లు అనుకుందాం. జూలైలో ఉన్న సుంకానికీ ఇప్పటికీ తేడా దాదాపు 31 శాతం, అంటే వెయ్యికి 124 డాలర్లు. 20 వేలకు 2,480. దాని మీద యార్డ్ మార్జిన్ పాతిక శాతం వేసినా 3,100. ట్రస్సులకు ఇంకో వెయ్యి. మీ ఇంట్లో ప్రతి ముక్కా కెనడాదే, పెరిగిన సుంకం పైసాతో సహా మీ మీదే పడింది అనుకున్నా ఇంతే. నిజానికి అమెరికా వాడే సాఫ్ట్‌వుడ్ కలపలో దిగుమతులు మూడో వంతు కూడా ఉండవు.

నా విలువలు మీ ఊరి ధరలతో సరిపోకపోవచ్చు, మార్చి వేసుకోండి. ఎటు మార్చినా 27,900 రాదు.

జవాబు

నేను చిన్న బిల్డర్‌ని. ఎస్టిమేటర్ గారి లెక్క తప్పు కాదు, కానీ అది ఒక వైపే. 2021 మే నెలలో ఫ్రేమింగ్ కలప వెయ్యి బోర్డ్ ఫీట్లు 1,500 డాలర్లు దాటింది. కోవిడ్‌కు ముందు 400 దగ్గర ఉండేది. అప్పుడు ఫిక్స్‌డ్ ధరకు ఒప్పుకున్న చాలామంది చేతులు కాల్చుకున్నారు. అప్పటి నుంచి మాకు భయం. యార్డ్ ఇచ్చే కొటేషన్ కూడా వారం పది రోజులకు మించి నిలవదు.

ఇంకోటి, అదనపు భారం కలప ఒక్కదానిదే కాదు. స్టీలు, అల్యూమినియం మీద 2025 జూన్ 4 నుంచి 50 శాతం. రాగి వైరు, పైపుల మీద ఆగస్టు 1 నుంచి 50. కిచెన్ క్యాబినెట్ల మీద అక్టోబర్ 14 నుంచి 25. మీ బిల్డర్ వీటన్నిటినీ ఒకే మూటగట్టి "కలప" అని పేరు పెట్టి ఉండొచ్చు. అది బద్ధకమే, మోసం కాకపోవచ్చు. విడదీసి చూపించమని అడగండి. మొదటి మెయిల్‌లోనే లాయర్ మాట ఎత్తకండి, ఇంకా ఏడెనిమిది నెలలు ఆయనతోనే పని.

జవాబు (ఎస్టిమేటర్)

ఒప్పుకుంటాను. కానీ ధర విషయంలో అందరూ తప్పుగా అర్థం చేసుకునేది ఒకటి ఉంది. సుంకం పెరిగిన రోజే కలప ధర అంత శాతం పెరగదు. ఒక్కోసారి తగ్గుతుంది కూడా.

2025లో సరిగ్గా అదే జరిగింది. సుంకం పెరగబోతోందని ముందే తెలుసు కాబట్టి వసంతం నుంచే అందరూ సరుకు తెప్పించి నిల్వ చేశారు. ఆగస్టు మొదట్లో ఫ్యూచర్స్ ధర (ముందస్తు కొనుగోలు ఒప్పందాల మార్కెట్లో ధర) వెయ్యి బోర్డ్ ఫీట్లకు 700 డాలర్ల దగ్గరికి వెళ్లింది. తీరా సుంకం అమల్లోకి వచ్చాక చూస్తే యార్డుల నిండా సరుకు, కొత్త ఇళ్లు కట్టేవాళ్లు తక్కువ. సెప్టెంబర్ మొదటికల్లా 530 కిందికి పడిపోయింది. సుంకం రెట్టింపు కన్నా ఎక్కువైంది, ధర నాలుగో వంతు తగ్గింది! వడ్డీ రేట్లు ఎక్కువగా ఉండి గిరాకీ లేనప్పుడు సుంకంలో కొంత భాగాన్ని మిల్లే మింగాలి.

అయితే అది ఎల్లకాలం నిలవదు. గిట్టుబాటు కాక మిల్లులు షిఫ్టులు తగ్గిస్తాయి, కొన్ని మూతపడతాయి. గిరాకీ తిరిగి లేచినప్పుడు సరుకు చాలదు, అప్పుడు ధర ఒక్కసారిగా ఎగురుతుంది. కాబట్టి మీకు కావలసింది టారిఫ్ ఎంత అన్నది కాదు. జూలైలో మీ ఎస్టిమేట్‌లో వేసిన ధర ఎంత, లంబర్ ప్యాకేజ్ మీ సైటుకు వచ్చే వారం ధర ఎంత. ఆ రెండు కాగితాలు అడగండి.

ఇంకో సభ్యురాలు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా బిల్డర్ సదరన్ పైన్ వాడతానన్నాడు, అది అమెరికాలోనే పెరుగుతుంది కదా. మరి మాకెందుకు టారిఫ్ సర్‌చార్జ్? పైగా మా ఫ్రేమింగ్ అక్టోబర్ మొదట్లోనే అయిపోయింది.

జవాబు (ఎస్టిమేటర్)

రెండు వేర్వేరు ప్రశ్నలండి. సదరన్ పైన్ మీద సుంకం లేదు, కానీ ధర మీద ప్రభావం ఉంటుంది. కెనడా సరుకు ప్రియమైతే కొనేవాళ్లు ఇటు మళ్లుతారు, ఇక్కడి మిల్లులు కూడా ధర పెంచుకునే వీలు దొరుకుతుంది. అందరూ మళ్లలేరు లెండి. కెనడా నుంచి వచ్చే స్ప్రూస్, పైన్, ఫర్ కలగలుపు కలప తేలిక, వంకర తక్కువ. గోడల స్టడ్స్‌కు కార్పెంటర్లు అదే అడుగుతారు. సదరన్ పైన్ బరువు, బలం ఎక్కువ, ట్రీట్‌మెంట్ బాగా పడుతుంది, కానీ ఆరేకొద్దీ మెలి తిరుగుతుందని వాళ్ల ఫిర్యాదు.

రెండో దానికి జవాబు సులువు. కలప సైటుకు వచ్చి, బిల్లు కట్టేసి, గోడలు లేచాక అక్టోబర్ 14 నాటి సుంకం ఆ కలపకు ఎలా తగులుతుంది? సందట్లో సడేమియా అంటే ఇదే. డెలివరీ టికెట్ మీద తేదీ ఉంటుంది, అడగండి.

జవాబు

కస్టమ్స్ బ్రోకరేజ్‌లో పనిచేస్తాను, ఒక చిన్న మాట. కెనడా లంబర్ కేసులో సరిహద్దు దగ్గర కట్టేది డిపాజిట్ మాత్రమే. ఆ ఏడాదికి అసలు రేటు ఎంతో రెండు మూడేళ్ల తర్వాత తేలుతుంది, తేడా ఉంటే వెనక్కి ఇస్తారు లేదా ఇంకా కట్టించుకుంటారు. ఆ కట్టేది చాలాసార్లు కెనడా మిల్లే. 2006లో రెండు దేశాలు రాజీపడినప్పుడు వసూలైన 500 కోట్ల డాలర్లలో 400 కోట్లు కెనడా కంపెనీలకు తిరిగి ఇచ్చారు. ఆ ఏళ్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ఒక్క డాలర్ రాలేదు. "తర్వాత రీఫండ్ వస్తే మీకిస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ రీఫండ్ మీ బిల్డర్ దాకా వచ్చే దారే లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే మర్యాదగా రాసి వివరాలు అడిగాను. బిల్డర్ పంపిన లెక్క ఇది: కలప, ట్రస్సులు 4,100. క్యాబినెట్లు, వానిటీలు (బాత్రూమ్ సింకు కింది అల్మారాలు) 5,200. మిగతా 18,600 "టారిఫ్ కంటింజెన్సీ". జూలై నాటి యార్డ్ కొటేషన్ కూడా పంపాడు. ఇప్పుడేం చేయమంటారు?

జవాబు (ఎస్టిమేటర్)

కొటేషన్ పంపాడంటే మనిషి మంచివాడే. 4,100 మీద గొడవ వద్దు, కానీ ఇప్పుడే ఒప్పుకోవద్దు కూడా. "డెలివరీ రోజు యార్డ్ ఇన్వాయిస్‌కూ జూలై కొటేషన్‌కూ మధ్య తేడా ఎంతో అంతే ఇస్తాం, తగ్గితే మాకు తగ్గించాలి" అని రాయించండి. స్లాబ్ అయిపోయింది కాబట్టి కలప ఎలాగూ త్వరలో ఆర్డర్ పెడతారు. ఆ ఆర్డర్‌కు మీరే డబ్బు ముందుగా ఇచ్చి ధర లాక్ చేయించడం ఇంకో దారి. అలా చేస్తే డబ్బు నేరుగా యార్డ్‌కు వెళ్లేలా చూసుకోండి, కలప మీ అడ్రస్ పేరు మీద బిల్ అవ్వాలి.

క్యాబినెట్ల సంగతి నిజంగా చూడాలి. మీ కేసులో టారిఫ్ అసలు గట్టిగా తగిలేది అక్కడే, కలప దగ్గర కాదు. జూలైలో సెక్షన్ 232 కింద క్యాబినెట్ల సుంకం లేదు, ఇప్పుడు ఉంది. కానీ పాతిక శాతానికి 5,200 కావాలంటే దిగుమతి విలువే 20,800 ఉండాలి. మీ క్యాబినెట్ల మొత్తం ధర ఎంతో అలవెన్స్ షీట్‌లో (ఒక్కో వస్తువుకు విడిగా కేటాయించిన సొమ్ముల పట్టికలో) చూడండి. ఏ దేశంలో తయారైందో అడగండి. అమెరికాలోనే క్యాబినెట్ పెట్టెలు తయారుచేసే కంపెనీదైతే ఈ 25 శాతం నేరుగా పడదు. యూరోపియన్ యూనియన్, జపాన్ సరుకైతే 15, బ్రిటన్‌దైతే 10. అన్నట్టు ఈ 25 శాతం 2026 జనవరి 1న 50 కావలసింది, ఏడాది వాయిదా వేశారు. కాబట్టి డిజైన్ త్వరగా ఖాయం చేసి ఆర్డర్ పెట్టేయడం మేలు. రంగుల దగ్గర నెలల తరబడి ఆలోచించే ఇంటివాళ్లను చాలామందిని చూశాను!

జవాబు (బిల్డర్)

18,600 గురించి నేను చెబుతాను, ఎందుకంటే మేమూ అడుగుతాం. రాగి, స్టీలు ఎంత పెరుగుతాయో తెలియనప్పుడు ముందుజాగ్రత్తగా వేసుకునే సొమ్ము అది. పూర్తిగా కొట్టేయమంటే ఆయన ఒప్పుకోడు. ఆ మొత్తాన్ని కాంట్రాక్ట్ ధరలో కలపకుండా విడిగా అలవెన్స్‌గా పెట్టమనండి. ఖర్చైనంతే ఇన్వాయిస్ చూపించి తీసుకోవాలి, మిగిలింది మీదే. గరిష్ఠం పది వేలు అని బేరం మొదలుపెట్టండి. ఇన్వాయిస్ చూపించడానికి ఇష్టపడకపోతే అది టారిఫ్ కాదు, లాభం.

చేంజ్ ఆర్డర్ (కాంట్రాక్ట్‌లో మార్పును రాసుకునే కాగితం) మీద సంతకం పెట్టే ముందు మీ కన్‌స్ట్రక్షన్ లోన్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. బడ్జెట్ దాటిన సొమ్మును చాలా బ్యాంకులు లోన్‌లో కలపవు, మీ జేబులోంచి ముందే కట్టమంటాయి, కట్టేదాకా తర్వాతి డ్రా (లోన్‌లోంచి విడుదలయ్యే తర్వాతి విడత) ఆపేస్తాయి. డ్రా ఆగితే పని కూడా ఆగుతుంది.