విండోస్ మళ్లీ వేయించాక ఉబుంటు మెనూ మాయం, ఎవరికైనా ఇలా అయిందా?

గోదారి_గట్టు:
ల్యాప్‌టాప్ మరీ నత్తలా తయారైందని ఆదివారం మా వీధి చివర షాపులో ఇచ్చి విండోస్ 11 మళ్లీ వేయించాను. పక్కనే రెండో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఉబుంటు 22.04 ఉంది, దాన్ని ముట్టుకోవద్దు అని రెండుసార్లు చెప్పా. ముట్టుకోలేదనే అన్నాడు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే పేరూ ఊరూ లేని 120 జీబీ పార్టిషన్ అలాగే ఉంది కూడా. కానీ ఆన్ చేస్తే ఏ ఓఎస్ కావాలో అడిగే గ్రబ్ మెనూ రావట్లేదు, నేరుగా విండోస్‌లోకే పోతోంది. ప్రాజెక్ట్ మొత్తం ఉబుంటులోనే ఉంది, శుక్రవారం సబ్మిషన్. ఒకటే టెన్షన్.

పాత_చార్జర్:
ఆ పార్టిషన్‌ని ఫార్మాట్ చేయమంటావా అని విండోస్ ఎక్కడ అడిగినా క్యాన్సిల్ కొట్టండి, మిగతాది తర్వాత. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. ఆన్ చేయగానే ఎఫ్12 టకటకా నొక్కండి, హెచ్‌పీ అయితే ఎఫ్9. వచ్చే లిస్టులో ఉబుంటు పేరుంటే బయోస్‌లో (ల్యాప్‌టాప్ సొంత సెట్టింగులు) బూట్ ఆర్డర్‌కి వెళ్లి దాన్ని పైకి జరిపితే చాలు. నాకు రెండుసార్లూ అంతే, విండోస్ వేయగానే తన పేరు మొదట పెట్టేసుకుంది.

గోదారి_గట్టు:
చూశా అన్నా, విండోస్ బూట్ మేనేజర్ ఒక్కటే ఉంది. షాపతనికి ఫోన్ చేస్తే "100 ఎంబీది ఏదో వేస్ట్‌గా ఉంటే తీసేశాను" అన్నాడు!!

నైట్_షిఫ్ట్:
అయ్యో, ఆ వేస్టే ఈఎఫ్ఐ పార్టిషన్. రెండు ఓఎస్‌ల బూట్ ఫైళ్లూ ఉండేది అందులోనే. విండోస్ తనకోసం కొత్తది చేసుకుంది, అందులో ఉబుంటు ఫోల్డర్ ఎందుకుంటుంది?

ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టి ట్రై ఉబుంటులోకి (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది) రండి. మీ 120 జీబీ పార్టిషన్‌ని ఎమ్‌ఎన్‌టీ మీద, కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్‌ని దాని లోపలి బూట్, ఈఎఫ్ఐ ఫోల్డర్ మీద మౌంట్ చేసి (అంటే జోడించి), డెవ్, ప్రాక్, సిస్ అనే మూడు సిస్టమ్ ఫోల్డర్లనీ ఆర్‌బైండ్ చేసి (అక్కడా కనిపించేలా కలిపి), సీహెచ్‌రూట్ కమాండ్‌తో మీ ఉబుంటు లోపలికి వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్, తర్వాత అప్‌డేట్-గ్రబ్. ఇంతవరకూ ఏ వీడియో చూసినా చెప్తారు. నేను దెబ్బతిన్నది దీని తర్వాత. గ్రబ్ వచ్చింది, ఉబుంటు ఎంచుకున్నా, 90 సెకన్లు తిరిగి తిరిగి ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల తెర. ఆన్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు జోడించాలో రాసుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో పాత ఈఎఫ్ఐ పార్టిషన్ యూయూఐడీ (గుర్తింపు నంబర్) అలాగే ఉండిపోయింది, అది డిస్కులోనే లేదు మరి, పాపం దానికోసం కాచుకుని కూర్చుంది. కాబట్టి సీహెచ్‌రూట్‌లో ఉండగానే బీఎల్‌కేఐడీ కమాండ్ కొట్టి కొత్త యూయూఐడీ చూసి ఆ లైన్ మార్చేయండి. గీతకి అటు నాలుగు, ఇటు నాలుగు అక్షరాలుండే పొట్టిది, వెంటనే గుర్తుపడతారు.

సున్నా_ఒకటి:
ఇంకోటి. బూట్ లిస్టులో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదే ఎంచుకోవాలి. నేను రెండోది ఎంచుకుని లెగసీ మోడ్‌లో (పాత బూట్ పద్ధతి) రాత్రి రెండింటి దాకా గ్రబ్ వేస్తూనే ఉన్నా, లాభం లేదు. సిస్‌లో ఫర్మ్‌వేర్ ఫోల్డర్ తెరిస్తే ఈఎఫ్ఐ అని ఉండాలి, లేకపోతే రీస్టార్ట్ చేయండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే నడవనిచ్చే బయోస్ సెట్టింగ్) జోలికి మాత్రం పోకండి, ఉబుంటు దానితోనే నడుస్తుంది. ఊరికే ఆపితే విండోస్ డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగి కూర్చోవచ్చు, దాన్ని ముందే ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

గోదారి_గట్టు:
వచ్చేసింది! ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మాట మీరు చెప్పకపోతే నేనూ అక్కడే ఆగిపోయేవాణ్ణి. కానీ ఇప్పుడు మెనూలో ఉబుంటు ఒక్కటే ఉంది, విండోస్ లేదు 😭

పాత_చార్జర్:
అది చిన్నదే. గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. ఈటీసీ, డిఫాల్ట్‌లో గ్రబ్ అనే ఫైలుంటుంది, అందులో గ్రబ్-డిజేబుల్-ఓఎస్-ప్రోబర్ లైన్‌కి ఫాల్స్ పెట్టండి, లైనే లేకపోతే కింద కొత్తగా రాయండి. మాటల మధ్య అండర్‌స్కోర్, అన్నీ పెద్దక్షరాలు, ఫాల్స్ మాత్రం చిన్నక్షరాల్లో. మళ్లీ అప్‌డేట్-గ్రబ్.

గోదారి_గట్టు:
రెండూ వచ్చాయి అన్నా, థాంక్స్. విండోస్‌లో గడియారం మాత్రం ఐదున్నర గంటలు వెనక చూపిస్తోంది, ఇది కూడా షాపతని పుణ్యమేనా?

నైట్_షిఫ్ట్:
కాదు, పాపం ఇందులో అతని తప్పేం లేదు. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 కొట్టండి, ఏదో హెచ్చరిక చూపిస్తుంది, నాకు రెండేళ్లుగా దానివల్ల ఏమీ కాలేదు. ముందు ఆ ప్రాజెక్ట్ ఇంకోచోట కాపీ చేసుకోండి, గడియారం శుక్రవారం తర్వాత చూసుకోవచ్చు.