డర్బన్‌లో సైన్స్ టీచర్‌గా చేరుతున్నాను, సలహా ఇవ్వండి

నమస్కారమండీ. జనవరిలో దక్షిణాఫ్రికాలోని డర్బన్ దగ్గర ఒక స్కూల్లో నేచురల్ సైన్సెస్ చెప్పడానికి వస్తున్నాను. విజయనగరంలో ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను గానీ, ఇక్కడి సిలబస్‌లో స్థానికుల సంప్రదాయ జ్ఞానం కూడా కలపాలట. అదెలాగో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు:
చెల్లెమ్మా, ముందు కాగితాలు. డిగ్రీలకు సాక్వా (ఇక్కడ చదువుల అర్హతలు చూసే సంస్థ) గుర్తింపు, ఆపైన సేస్ (టీచర్ల మండలి) రిజిస్ట్రేషన్. రెండూ ఇప్పుడే మొదలుపెట్టు.

ఇక పాఠం సంగతి. 2012 నుంచి అమల్లోకి వచ్చిన క్యాప్స్ అనే జాతీయ సిలబస్‌లో ఆ మాట ఉంది నిజమే. నేనైతే మొదటి ఏడాది పాఠం చివర ఓ మందు మొక్క పేరు చెప్పి చేతులు దులుపుకున్నాను. రెండో ఏడాది, 'ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రండి' అన్నాను. అబ్బాయిలు తాతల దగ్గర్నుంచి ధాన్యం గోతుల ముచ్చట మోసుకొచ్చారు. పశువుల దొడ్డిలో గొయ్యి తవ్వి, లోపల అలికి, గింజలు పోసి మూసేసేవారట. అచ్చం మన పాతరే! గింజలు ఊపిరి తీసుకునే కొద్దీ లోపల ఆక్సిజన్ తగ్గిపోయి పురుగు చస్తుంది. క్లాసంతా హుషారు, అమ్మాయిలు మాత్రం నోరు విప్పలేదు. ఎందుకో సాయంత్రం ఒక జులూ టీచరమ్మ చెప్పింది. దొడ్డి మగవాళ్ళ చోటు, కోడళ్ళు అందులో అడుగు పెట్టకూడదు. ఆ గింజలు పండించింది ఆడవాళ్ళేనమ్మా!

మర్నాడు ప్రశ్న మార్చాను. 'మీ గోగో ఏం పులియబెడుతుంది?' గోగో అంటే నానమ్మ, అమ్మమ్మ. ఇక ఆ పిల్లల్ని ఆపడం నా వల్ల కాలేదు. ఉమ్కొంబోతి, అంటే ఇక్కడి నాటు బీరు, కాచేది ఆడవాళ్ళే. మొక్కజొన్న పిండి, మొలకెత్తించిన జొన్నల పిండి కలిపి ముందు పులవనిస్తారు, వండి చల్లార్చి మళ్ళీ మొలకల పిండి వేస్తారు. కుండ మీద వెలిగించిన అగ్గిపుల్ల పెడితే టక్కున ఆరిపోవాలి, అప్పుడే తయారైనట్టు. కార్బన్ డయాక్సైడ్ పాఠం బోర్డు మీద నాకన్నా ఆ అమ్మాయిలే బాగా చెప్పారు. మన తరవాణి గురించి నేను చెబితే, 'అన్నమా, పులిసిన నీళ్ళా' అని నవ్వారు.

మరొకరు:
అక్కా, ఆ ఉమ్కొంబోతి మత్తెక్కించేది. చర్చికి వెళ్ళే కుటుంబాలు కొన్ని ఊరుకోవు. మా స్కూల్లో ఒకసారి పెద్ద గొడవే అయింది. కొత్త టీచర్ గారూ, మీరు అమహేవు తీసుకోండి. పులియబెట్టిన మొక్కజొన్న జావ, మత్తుండదు. రోజూ పీహెచ్ కాగితం ముంచి చూపిస్తే చాలు. ఇంకోటి, సైన్స్ చదివే ఆడపిల్లలు ఇక్కడ తక్కువనుకుని రాకండి. మెట్రిక్ (ఇక్కడ పన్నెండో తరగతి పరీక్ష) రాసేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. కానీ మా ల్యాబ్‌లో పరికరం అబ్బాయి చేతిలో, నోట్సు అమ్మాయి చేతిలో ఉంటాయి. వారానికోసారి మార్పించండి.

జవాబు:
అదీ నిజమే తమ్ముడూ. చెల్లెమ్మా, పిల్ల నీ కళ్ళలోకి చూడకపోతే పాఠం వినట్లేదనుకోకు, పెద్దల ముందు చూపు దించడం ఇక్కడి మర్యాద. పిల్లలు తెచ్చిన మందు మొక్కల వివరాలు ఇంటివాళ్ళని అడక్కుండా ఎక్కడా పెట్టకు. హూడియా మొక్కకి ఆకలిని అణిచే గుణం ఉందని ఇక్కడి ఆదివాసులైన సాన్ జనానికి తరతరాలుగా తెలుసు. పేటెంట్ వేరేవాళ్ళు తీసుకున్నారు, వీళ్ళకి వాటా ఒప్పందం కుదిరింది 2003లో. మన పసుపు గొడవ గుర్తుందిగా?

ఏ తారీఖున దిగుతున్నావో రాయి, ఎయిర్‌పోర్టుకి మావారొస్తారు.