ఎండాకాలంలో పిండిన తల్లిపాలు: ఫ్రిజ్, కరెంటు కోత, సబ్బు వాసన

గుంటూరు_అమ్మ
బాబుకి ఏడో నెల. వచ్చే సోమవారం నుంచి ఆఫీసు, ఉదయం 9 నుంచి 6 దాకా. అక్కడ ఫ్రిజ్ లేదు. పంపుతో రెండుసార్లు పిండాలి. ఇంట్లో సింగిల్ డోర్ ఫ్రిజ్, మధ్యాహ్నం రెండు మూడు గంటలు కరెంటు ఉండదు. గడ్డకట్టించిన పాలు కరిగిస్తే పైన మీగడ తేలింది, సబ్బు వాసన వస్తోంది. పారబోయాలా? అత్తయ్యగారు స్టవ్ మీద కాచి పట్టిద్దామంటున్నారు.

బాలింత_నర్సు
పారబోయకండి. మీగడ తేలడం మామూలే, సీసాను మెల్లగా గుండ్రంగా తిప్పితే కలుస్తుంది. సబ్బు వాసన లైపేజ్ అనే ఎంజైము వల్ల. అది పాలలోని కొవ్వును విడగొడుతుంది, గడ్డకట్టినా పూర్తిగా ఆగదు. బాబు తాగితే నిశ్చింతగా పట్టండి. పుల్లటి వాసన వచ్చినా, తిప్పినా ముక్కలు కలవకపోయినా అవి విరిగినట్టే, అప్పుడు పారబోయాలి.

ఇప్పుడు కాచితే ఆ వాసన పోదని అత్తయ్యగారికి చెప్పండి. బాబు ఆ వాసనకి మొహం తిప్పుకుంటేనే, పిండిన వెంటనే అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా వేడి చేసి (పొంగనివ్వకూడదు), చన్నీళ్ళ గిన్నెలో చల్లార్చి దాచాలి. వేడికి రోగాల నుంచి కాపాడే గుణం కొంత తగ్గుతుంది కాబట్టి అవసరమైతేనే చేయండి.

పాల_లెక్క
అసలు మీకు గడ్డకట్టించే అవసరమే లేదు. సోమవారం పిండినవి మంగళవారం పట్టించండి. 4 డిగ్రీల్లో ఉంటే 4 రోజులు బాగుంటాయి. తలుపు అరలో కాదు, లోపలి వెనక గోడ దగ్గర పెట్టండి. సింగిల్ డోర్ ఐస్ అర మైనస్ 18కి చేరదు, అందులో పాలు నెలల తరబడి ఆగుతాయన్న లెక్క నమ్మొద్దు.

పిండిన పాలు బయట 4 గంటలు ఆగుతాయనే మాట 25 డిగ్రీల గదికి. మే నెలలో మన గదులు అలా ఉండవు. పిండగానే ఇన్సులేటెడ్ సంచిలో, గడ్డకట్టిన ఐస్ ప్యాకులు సీసాలకు తగిలేలా పెడితే 24 గంటలు ఆగుతాయి. గోరువెచ్చని పాలను చల్లటి పాలలో పోయకండి, చల్లారాకే కలపండి.

కరెంటు పోయాక తలుపు తీయకపోతే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం పట్టే పాలను కోతకు ముందే ఐస్ సంచిలోకి మార్చి ఉంచితే అత్తయ్యగారు తలుపు తెరవక్కర్లేదు.

బాలింత_నర్సు
పట్టేటప్పుడు సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే చాలు. మైక్రోవేవ్ వద్దు, అక్కడక్కడా మరిగి నోరు కాలుతుంది. 60 నుంచి 90 మి.లీ. చొప్పున విడిగా దాచండి. తాగగా మిగిలినవి 2 గంటల్లో అయిపోకపోతే పారబోయాలి, కాబట్టి చిన్న కొలతే మేలు. ఉగ్గుగిన్నెతో పట్టిస్తే కడగడమూ తేలిక.

పంపు భాగాలను సింకులో పడేయకండి, దానికని విడిగా ఒక బేసిన్ పెట్టుకోండి. ప్రతిసారీ సబ్బునీళ్ళతో కడిగి గాలికి ఆరబెట్టాలి, గుడ్డతో తుడవొద్దు. ఆఫీసులో కడిగే వీలు లేకపోతే రెండో సెట్టు తీసుకెళ్ళండి. ట్యూబులో బూజు కనిపిస్తే కడగడం కాదు, మార్చేయాలి.

గుంటూరు_అమ్మ
చాలా థాంక్స్ అండీ. శుక్రవారం పిండినవి సోమవారానికి పనికొస్తాయా?

పాల_లెక్క
వస్తాయి, మూడు రోజులే కదా. సీసా మీద తేదీ, గంట రాయండి. శనివారం, ఆదివారం మాత్రం నేరుగా పాలివ్వండి.