కాలువ గట్టుకు కంచె వేయించాలంటే ఎవరి మీద పిటిషన్ వేయాలి?

విజయవాడలో బందరు కాలువ పక్కన ఉంటాం. నీళ్లు వదిలినప్పటి నుంచి రోజూ సాయంత్రం 4 నుంచి 6 దాకా పది, పన్నెండేళ్ల పిల్లలు గట్టు మీద నుంచి దూకి ఈత కొడుతున్నారు. పైకి నెమ్మదిగానే కనిపిస్తుంది కానీ వంతెన స్తంభాల దగ్గర నీరు లాగేస్తుంది. పోయిన వారం ఒక బాబును చీర విసిరి బయటికి లాగాం. అప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రెండు ఆఫీసుల్లో అర్జీలు ఇచ్చాను. నీళ్లే మావి, గట్టు కాదని ఒకరు, గట్టు కూడా వాళ్లదేనని ఇంకొకరు. మేం కట్టిన తాడు, పెట్టిన బోర్డు మూడు రోజులు కూడా ఉండలేదు.

దారి పక్కన చెరువు, బావి, గొయ్యి ఉంటే కంచె వేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశించే వీలు క్రిమినల్ కేసుల విచారణ విధానం చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 152లో (పాత సీఆర్పీసీ 133) ఉంది. కాలువ విషయంలో ఈ సెక్షన్ కింద వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి, ప్రతివాదిగా ఎవరిని చూపించారు?