సుడి చెదురునా, ముదురునా?

అరసున్న: మా తాతగారు ఎయిర్‌ఫోర్స్‌లో చేశారు. ఆయన పాత నోట్‌బుక్‌లో ఒక వాక్యం వారం నుంచి నన్ను పీకుతోంది: "రెక్క కొసల సుడి, గాలి కలగినచోట వేగిరమే –దురును." ఆ ఒక్క అక్షరం పురుగు కొట్టేసింది. చె నా, ము నా?

శకటరేఫం: అనుమానమెందుకు, చెదురును. విమానం రెక్కల చివర లేచే సుడి బతికేది నిలకడ గాలిలోనే. గాలి అల్లకల్లోలంగా ఉంటే తొందరగా చస్తుంది. అందుకే ఆకు కదలని సాయంత్రాలంటేనే పైలట్లకు టెన్షన్. పెద్ద విమానం లేచాక వెనక చిన్నదాన్ని 2, 3 నిమిషాలు ఆపేది దీనికే.

తోకచుక్క: 'చెదరును' అనాలి. కాబట్టి మీ చె చెల్లదు.

శకటరేఫం: మరి 'చెదురుమదురు' ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ?

గుడిదీర్ఘం: అసలు ఏకవచనమే తప్పు. రెక్కకొకటి చొప్పున రెండు, ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. సుళ్ళు అనాలి. నెత్తిన రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళట, విమానానికి ఎవరు చేస్తారో!

తోకచుక్క: సుళ్ళా, సుడులా?

గుడిదీర్ఘం: గుడికి గుళ్ళు, బడికి బళ్ళు. ఇంకేం కావాలి? సుడి మాటెత్తితే నాకు పోతన తృణావర్తుడే గుర్తొస్తాడు. పేరులోనే గడ్డిపోచల సుడి! పసి కృష్ణుణ్ణి ఎత్తుకుపోయి, ఆ బరువు మోయలేక రాతిమీద పడ్డాడు. దశమస్కంధం తీస్తే నాకిక నిద్ర ఉండదు.

శకటరేఫం: వాడిది ఒంటి సుడి. ఇక్కడికి పనికిరాడు.

వట్రసుడి: ఇద్దరూ తప్పే. అది 'అదురును'. 1970లో క్రో అనే శాస్త్రవేత్త లెక్కకట్టింది అదే కదా. జంట సుళ్ళు మొదట పాముల్లా వంకర్లు పోతాయి, వంకర పెరిగి ఒకదాన్నొకటి అంటుకుని ఉంగరాలుగా తెగుతాయి. ఆ వంకరకు తొలి తోపు బయటి గాలి కుదుపే. జెట్ తెల్లచార కాసేపటికి గొలుసు లింకుల్లా అవడం చూడలేదూ? చెదరడం తర్వాతి మాట, ముందు అదరాలి.

తోకచుక్క: 'వేగిరమే' తర్వాత అచ్చొస్తే యడాగమం ఏది? 'వేగిరమే యదురును' కావాలి.

వట్రసుడి: ఎయిర్‌ఫోర్స్ నోట్‌బుక్‌లో యడాగమమా!

తోకచుక్క: 'వేగిరమే' అని రాసినాయన చేస్తాడు.

అరసున్న: భూతద్దం పెట్టి చూశా. చిల్లు అంచున తలకట్టులాంటిదేదో కనిపిస్తోంది.

శకటరేఫం: చె!

వట్రసుడి: ఫొటో పెట్టండి ముందు.

అరసున్న: ఆగండి... కదిలింది. అది పురుగు కాలు.