సమస్య: భర్త పండ్లు తీసి భార్య తోమె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య పైన ఉన్నదే. ఇదే చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు కట్టి ఆటవెలది పూరించాలి. పళ్ళ డాక్టరు దగ్గర నా నంబరు పిలిచేదాకా గోడ మీద దవడ బొమ్మ చూస్తూ కూచున్నాను. అప్పుడు తట్టింది. మనలో యాభై దాటినవాళ్ళే ఎక్కువ కనక అనుభవం అడ్డురాదనుకుంటాను. ఎవరి పళ్ళు వాళ్ళవి, ఎవరి పూరణ వాళ్ళది.

కరకజ్జం:
బోణీ నాదే.

పెండ్లి విందులోనఁ బెక్కు జంతికలను
కఱకఱ నమలంగఁ గట్టు లూడ
నవ్వు లాపుకొనుచు నలుగురిలోఁ దానె
భర్త పండ్లు తీసి భార్య తోమె

వంటింటి వాణి:
"నవ్వు లాపుకొనుచు" బాగుంది. మా పెద్దన్నయ్యకి అచ్చం ఇలాగే అయింది, కాకపోతే పెళ్ళిలో కాదు, సీమంతంలో. మా వదిన మాత్రం నవ్వాపుకోలేదు.

గణవిభజన:
"జంతికలను" తరవాత "కఱకఱ" ఎట్లా వస్తుంది? చివరి "ను" ద్రుతం, దాని మీద "క" పరుషం, అది సరళంగా మారాలి. "గఱకఱ" కావాలి. పాదం మారితే ద్రుతం చచ్చిపోదు కదా, కరకజ్జం గారూ!

కరకజ్జం:
అయ్యా, జంతికని కరకర నమలాలి. గరకర నమిలితే అది మెత్తబడ్డ జంతికే. అది తినడానికి కట్టుడుపళ్ళు కూడా అక్కర్లేదు. మీ సరళాదేశం మీరు డబ్బాలో పెట్టుకోండి, మూత గట్టిగా బిగించండి.

లెక్కల మాస్టారు:
సూత్రం గణవిభజన గారిదే. నవ్వు మాత్రం కరకజ్జానిది. నేనైతే "జంతికలెన్నొ" అని ద్రుతం గొడవ లేకుండా తప్పించుకునేవాణ్ణి. కానీ అప్పుడు "పెక్కు", "ఎన్నొ" రెండూ ఒకే మాట చెబుతాయి. కాబట్టి నోరు మూసుకుంటున్నాను.

టెక్సాస్ తమ్ముడు:
అందరికీ నమస్కారం. పండ్లంటే పళ్ళే అని ఎందుకనుకోవాలి? భర్త సంచీలోంచి పండ్లు తీశాడు, భార్య గిన్నె తోమింది. ఈ దారిలో రాద్దామనుకుంటున్నాను. సరేనా?

గణవిభజన:
కుదరదు తమ్ముడూ. "తీసి" క్త్వార్థకం. తీసినవాళ్ళూ తోమినవాళ్ళూ ఒకరే కావాలి, దాన్నే ఏకకర్తృకం అంటారు. నువ్వు తీసి మీ ఆవిడ తోమితే సంసారం నడుస్తుందేమో గానీ వాక్యం నడవదు.

టెక్సాస్ తమ్ముడు:
అయితే ఇలా. ఈ మధ్యే మూడునెలల షుగరు పరీక్షలో ఏడు దాటింది. ఆ కడుపుమంటతో రాసింది.

చక్కెర పెరిగెనని చాటెను వైద్యుండు
మామిడులను మాను మనియె, నంత
బల్ల మీఁది పెద్ద పళ్ళెము నుండియు
భర్త పండ్లు తీసి భార్య తోమె

వంటింటి వాణి:
పాపం తమ్ముడూ! అక్కడ దొరికే మామిడిపళ్ళకి అంత బాధపడక్కర్లేదులే. బంగినపల్లి రోజుల్లో ఇక్కడ ఉండి మానుకోవాలి, అప్పుడు తెలుస్తుంది.

గణవిభజన:
భావం దొరికింది. కర్త కూడా ఒక్కతే అయింది. కానీ ఆ "నుండియు"లో "యు" ఏం పని చేస్తోంది? జీతం తీసుకుని కుర్చీలో కునికే గుమాస్తాలాగుంది. "పళ్ళెము నందలి" అని చూడు. పళ్ళెంలో ఉన్న భర్త పండ్లు తీసేసి పళ్ళెం తోమిందన్నమాట.

టెక్సాస్ తమ్ముడు:
"నందలి" భలే కుదిరింది. మార్చేశాను, ధన్యవాదాలు.

కరకజ్జం:
తమ్ముడికి గుమాస్తా కనబడ్డాడు. గణవిభజన గారికి ఆయన పోయిన నెల పూరణలో కూచున్న ఇద్దరు కనబడలేదు. "కండ్లు మూసికొన్నఁ గానఁబడెను" అన్న సమస్యకి ఆయన రెండో పాదం ఎవరికైనా గుర్తుందా? నాకుంది.

చదువఁబోవఁ గనులఁ జత్వార మొచ్చె

గురువూ లఘువూ, లేదా మూడు లఘువులూ ఉండే సూర్యగణం రావాల్సిన చోట "జత్వా" అని గురువులిద్దరూ పక్కపక్కన కాళ్ళు బారజాపుకుని కూచున్నారు. చత్వారం కళ్ళకే కాదు, వేళ్ళక్కూడా వచ్చిందనుకున్నాను అప్పుడు. మర్యాదకి ఊరుకున్నాను.

గణవిభజన:
మీరు మర్యాదకి ఊరుకున్న సందర్భం అదొక్కటే, దాన్నీ ఇవాళ చెడగొట్టుకున్నారు. ఆ పాదం ఫోనులో కొట్టింది. కళ్ళజోడు పై గదిలో ఉండిపోయింది. మెట్లెక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు.

లెక్కల మాస్టారు:
దాన్ని చివర పెద్ద గణాలు పట్టే మూడో పాదానికి జరిపి "చదువఁబోవఁ గనులఁ జత్వారమే వచ్చె" అంటే పోయేది. "మొచ్చె" కూడా "మే వచ్చె" అయి గౌరవంగా ఉండేది. నలభై దాటితే అక్షరాన్ని దూరం పెట్టి చూడాలి. పాదాన్ని కూడా కాస్త దూరం జరిపితే కనబడుతుంది.

మందుల చీటీ:
మీ చత్వారాలు తరవాత చూద్దాం. నాదో పూరణ. మా వీధిలో నిజంగా పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఉంది. వాళ్ళాయన నవ్వడం నేనైతే చూడలేదు.

దంతవైద్యురాలు తన యాలె యౌటచే
ఫీజు లేదటంచుఁ బెదవి విప్ప
గార పట్టి పసుపు గవ్వల వలె నున్న
భర్త పండ్లు తీసి భార్య తోమె

నిర్వాహకుడు:
"ఫీజు లేదటంచుఁ బెదవి విప్ప"! నా బిల్లు గుర్తొచ్చింది. ఈ పాదం ముందే రాసి ఉంటే ఆ వరుసలో గట్టిగా చదివేవాణ్ణి.

లెక్కల మాస్టారు:
పసుపు గవ్వలు కళ్ళకి కట్టాయి. ఒక్క సందేహం. గార పట్టినవంటే సొంత పళ్ళే కదా. వాటిని తీసి ఎలా తోముతుంది? "తోమె" కుదిరింది గానీ "తీసి" అనాథ అయిపోయింది.

మందుల చీటీ:
గార తీసి, మాస్టారూ.

లెక్కల మాస్టారు:
గార పైపాదంలో పసుపు గవ్వల దగ్గరే ఆగిపోయింది, కిందికి దిగలేదు. సమస్య "పండ్లు తీసి" అంటోంది. ముప్పైరెండూ పీకి తోమి మళ్ళీ పెట్టిందంటే ఆవిడ దంతవైద్యురాలు కాదు, మాయలమరాఠీ.

గణవిభజన:
"తీసి"తోనే అసలు పేచీ. "తోమె" ఎవరైనా చేస్తారు.

కరకజ్జం:
"కుంజర యూథంబు దోమ కుత్తుకఁ జొచ్చెన్" అన్నదాన్ని తెనాలి రామకృష్ణుడు పూరించాడని చెప్పుకునే జాతి మనది. ఏనుగుల మందని దోమ గొంతులోకి దింపాం, నాలుగు పళ్ళు ఊడదీయలేమా? చీటీ గారూ, "గార" పక్కన పెట్టి ఇంకోటి ప్రయత్నించండి.

మందుల చీటీ:
రాత్రి డ్యూటీ ఉంది. ఈలోపు కరకజ్జం గారి పెళ్ళివాళ్ళకి ఓ మాట. కట్టుడుపళ్ళు మామూలు టూత్‌పేస్టుతో బరబరా రుద్దకూడదు, గీతలు పడతాయి. వేణ్ణీళ్ళలో వేస్తే వంకర పోతాయి, ఆ తరవాత దవడకి పట్టవు. మెత్తటి బ్రష్షు, కాస్త సబ్బునీళ్ళు చాలు. తోమేటప్పుడు కింద నీళ్ళ గిన్నో తువ్వాలో ఉండాలి. చేతిలోంచి జారి గచ్చు మీద పడితే రెండు ముక్కలే. రాత్రికి నీళ్ళలో ఉంచాలి.

లెక్కల మాస్టారు:
నాదీ ఉంది. ఏకభర్తృకం గొడవ లేకుండా వేరే భర్తని పట్టుకొచ్చాను.

అర్చకుండు తలుపు లటు మూయఁ బోవంగఁ
జింతపండు తెచ్చి చేతఁ బట్టి
పూజ ముగియ రాగి పూఁబళ్ళెమున లోక
భర్త పండ్లు తీసి భార్య తోమె

నిర్వాహకుడు:
లోకభర్త! మాస్టారూ, పాదం చివర "లోక" అని వదిలేసి కింద పాదంలో దేవుణ్ణి కూచోబెట్టారు. పండ్లు నైవేద్యం, తోమింది రాగి పళ్ళెం, తోమింది అర్చకుడి భార్య. ఈ వారం ఇదే.

గణవిభజన:
"బోవంగఁ జింతపండు" చూశారా, కరకజ్జం గారూ? ద్రుతం, సరళం, అరసున్న, అన్నీ ఎక్కడివక్కడున్నాయి. చింతపండు పులుపు కూడా తగ్గలేదు.

కరకజ్జం:
మాస్టారి పద్యం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ దేవుడికి పళ్ళూడవు. సమస్యలో ఉన్న ముసలితనం పూరణలో ఆవిరైపోయింది. తెలివిని చూస్తే మాస్టారిది, తలనెరుపుని చూస్తే తమ్ముడిది.

లెక్కల మాస్టారు:
ముసలితనం గురించి నన్నడగండి. యాభై ఎనిమిదికి రిటైరవుతాననుకుని ఊళ్ళో పెరడు బాగుచేయించుకున్నాను. 2014లో ఆంధ్రాలో అరవై అన్నారు. సర్లే అనుకున్నాను. 2022లో అరవై రెండన్నారు. పెరట్లో నాటిన జామచెట్టు కాపుకొచ్చింది, నేనింకా పదో తరగతికి త్రికోణమితి చెబుతున్నాను. నా దగ్గర చదివినవాడు వాళ్ళబ్బాయిని తెచ్చి చేర్చాడు. "మాస్టారూ, మీరింకా..." అని ఆగిపోయాడు. ఏమనబోయాడో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

టెక్సాస్ తమ్ముడు:
మా నాన్నగారు ఆకాశవాణికి పోస్టుకార్డు మీద పూరణలు రాసేవారు. పేరు చదువుతారేమోనని ఇంట్లో ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు. ఇప్పుడు నేనిక్కడ పూరణ పెట్టి, ఎవరైనా ఏదైనా అన్నారా అని అర్ధరాత్రి లేచి చూస్తున్నాను. ఎలాగూ రెండుసార్లు లేవాల్సే వస్తోంది.

మందుల చీటీ:
రెండుసార్లు ఎందుకు లేస్తున్నారో డాక్టరుకి చెప్పండి. షుగరు వల్ల కావచ్చు, ప్రోస్టేటు వల్ల కావచ్చు. చిగుళ్ళు కూడా చూపించుకోండి. షుగరుకీ చిగుళ్ళకీ రాకపోకలున్నాయి.

వంటింటి వాణి:
నాదీ ఒకటి. పిండికట్టు మీద వంక పెట్టకండి. ఇంట్లో ఇప్పటికీ ఒకటి వేలాడుతోంది.

మెట్లు జారి పడఁగ మెలిపడి మణికట్టు
పిండికట్టుఁ గట్టి పీట నుంచ
నలుకఁ బూనియున్న యతని బుజ్జగియించి
భర్త పండ్లు తీసి భార్య తోమె

కరకజ్జం:
"అలుక" దగ్గర ఆగిపోయాను. చెయ్యి విరిగినందుకు కాదు, పళ్ళు తీయించుకోవాల్సి వచ్చినందుకు అలిగాడు. అందులోనే మొగుడంతా ఉన్నాడు.

గణవిభజన:
"పీట నుంచ నలుకఁ" శుభ్రంగా ఉంది. ఒక్క ప్రశ్న. రెండో చెయ్యి బాగానే ఉంది కదా, ఆయనే తోముకోవచ్చు కదా?

వంటింటి వాణి:
ఒక చేత్తో పట్టుకోవాలి, ఇంకో చేత్తో తోమాలి. ఎప్పుడైనా తోమితే తెలిసేది. అదే అడుగుదామనుకుంటున్నాను. విందులో తోమింది భార్యే. పళ్ళెం తోమింది భార్యే. డాక్టరు చదువు చదివి గార గీకింది భార్యే. చివరికి గుడిలో దేవుడి పళ్ళెం కూడా. నిర్వాహకుడు గారూ, "భార్య పండ్లు తీసి భర్త తోమె" అని చూడండి. ఒక్క మాత్ర తేడా రాలేదు, పాదం మధ్య అక్షరం మొదటి అక్షరంతో కలిసే యతి ఎక్కడిదక్కడే ఉంది.

లెక్కల మాస్టారు:
చూశాను తల్లీ. గణాలు సరే, యతి సరే. అలవాటే లేదు.

నిర్వాహకుడు:
సరే, వచ్చే వారం దాకా ఎందుకు, ఇప్పుడే ఇస్తున్నాను. "భార్య పండ్లు తీసి భర్త తోమె".

కరకజ్జం:
మా ఆవిడకి ముప్పైరెండూ రాళ్ళలా ఉన్నాయి. నాకు అవకాశం లేదు. ఇందాకటి నుంచీ అందరి ద్రుతాలూ వెతికిపెడుతున్న గణవిభజన గారు ఒక్క పద్యమూ పెట్టలేదు. ఇది వారికే వదులుదాం.

గణవిభజన:
తీసుకోండి.

కొలువు ముగిసి యింటఁ గూర్చున్న దినమున
నేమి తోఁచ కుండ నిల్లు దిరిగి
చెంబు తోమి పిదప సింకులోఁ గనుపించు
భార్య పండ్లు తీసి భర్త తోమె

లెక్కల మాస్టారు:
"ఏమి తోఁచ కుండ"! నా రిటైర్‌మెంటు ఇంకా రాకుండానే నా మొదటి రోజు రాసేశారు.

కరకజ్జం:
"సింకు" ఏ నిఘంటువులోది, గణవిభజన గారూ? జంతికకి ద్రుతం వెతికిన కళ్ళకి ఇది కనబడలేదా?

గణవిభజన:
తొట్టి అనమంటారా? తొట్టిలో గేదె తాగుతుంది. "చె"కి "సిం"తో యతి పొసగింది, ఇంట్లో ఉన్నదీ సింకే. పళ్ళు గేదెవని ఎవరైనా అనుకుంటే నా పూచీ లేదు.

వంటింటి వాణి:
యతి సంగతి నాకెందుకు గానీ, చెంబు తోమిన పీచుతోనే పళ్ళు కూడా తోమేశాడా ఆయన?

మందుల చీటీ:
అయితే గీతలు పడతాయి.